రెండు సీట్ల బండి

1968 ఆగస్టు 4, ఆదివారం. విజయనగరం.

ఆయన పోయి ఈరోజుకు ఆరు నెలలు. ఈ డైరీ ఆయనదే. జనవరి ఇరవై రెండు దాకా ఆయన రాత ఉంది. పెట్రోలు ఎంత పోసిందీ, టైర్లలో గాలి ఎంత ఉందీ, అంతే. తర్వాతవన్నీ తెల్ల కాగితాలు. పారేయడం ఎందుకని నేను రాస్తున్నాను.

శ్రీకాకుళం నుంచి గణపతిరావు వచ్చాడు. మరిదే అయినా ప్లీడరు కనుక ఏ మాటైనా కాగితం మీద పెట్టుకునే మాట్లాడతాడు.

"వదినా, జాగ్వార్ కారు అమ్మీడమే మంచిది. అన్నయ్య యాభై రెండులో ఇరవై నాలుగు వేలు పోసి తెచ్చాడు కలకత్తా నుంచి. ఆ డబ్బేటి? మొఖాసా భూములు పోయినందుకు పరిహారంగా గవర్నమెంటు మా ఇద్దరికీ ఇచ్చింది. సగం నాది. ఇన్నాళ్ళూ అడిగానా? ఇప్పుడైనా పంచుకోవాలి కదా."

సరే అన్నాను.

"నీకేం బాధ లేదు కదా?" అన్నాడు.

లేదన్నాను. లేదు కూడా.

ఆగస్టు 6

కాలేజీలో కామర్సు చెప్పే లక్ష్మీనరసింహం గారిని గణపతి పిలిపించాడు. పంపకానికి ముందు బండికి ఒక ధర కట్టాలట. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, కాఫీ చల్లారిపోయేదాకా లెక్క వేశారు. ఏటా నూటికి ఇరవై తరుగు. మరుసటి ఏడు మిగిలినదాంట్లో మళ్ళీ నూటికి ఇరవై. అలా పదహారేళ్ళు. చివరికి ఆరువందల డెబ్భై ఐదు రూపాయలు తేలింది.

"ఇరవై నాలుగు వేల బండి ఆరువందలా!" అన్నాడు గణపతి.

"పుస్తకం ప్రకారం అంతేనండి. బజారు వేరు. పైదేశాల నుంచి కార్లు రావడం ఆగిపోయింది. ఇలాంటి బండి ఇప్పుడు డబ్బు పెట్టినా దొరకదు. ఎక్కడో ఎవరో దీనికోసమే చూస్తూ ఉంటాడు. వాడు ఇరవై వేలైనా ఇస్తాడు. వాణ్ణి పట్టుకోండి."

ఒకే బండి. ఆరువందల డెబ్భై ఐదూ నిజమేనట, ఇరవై వేలూ నిజమేనట. ఆయన వెళ్ళాక గ్లాసు కడిగి బోర్లించాను.

ఆగస్టు 7

వాన. ఫిడేలు పాఠానికి పిల్లలు వచ్చారు. ఒంట్లో బాగాలేదని పంపేశాను.

ఆగస్టు 9

ఎల్లాజీ పొద్దున్నే వచ్చి షెడ్డు తలుపు తీసి బండి తుడుస్తున్నాడు. ఆయన పోయాక జీతం ఇవ్వడం లేదు. రావొద్దని కూడా చెప్పలేదు. తుడిచి, గుడ్డ ఉతికి ఆరేసి, గేటు దగ్గర కాసేపు నిలబడి వెళ్ళిపోతాడు. ఊళ్ళో వాళ్ళు దీన్ని కప్పకారు అనేవారు, నేలకు అంటుకుపోయినట్టు ఉంటుందని. ఇప్పుడు కప్పకారు లేదు, కప్పకారు ఎల్లాజీ ఉన్నాడు.

అతను మా డ్రైవరు. అరవై ఒకటి నవంబరులో, గజపతినగరం దాటాక, బండి కింద మనిషి పడి చనిపోయాడు. ఎల్లాజీకి ఆరు నెలలు జైలు పడింది. లైసెన్సు పోయింది. మళ్ళీ ఎవరూ అతని చేతికి బండి ఇవ్వలేదు.

ఆ రోజు నేను ఇంట్లో ఉన్నాను. తలనొప్పి.

ఆగస్టు 14

గణపతి పేపర్లో వేయించిన ప్రకటనకు నాలుగు ఉత్తరాలు వచ్చాయి. మూడు వట్టి కుతూహలం. నాలుగోది కలకత్తా నుంచి. త్యాగరాజు అని, టీ కంపెనీలో మేనేజరు. బరంపురం తెలుగువాడు. ఇలాంటి బండి కోసం మూడేళ్ళుగా వెతుకుతున్నాడట. అంతా అసలుదే అయితే ఇరవై ఒక్క వేలు ఇస్తానని రాశాడు. "అసలుదే" కింద రెండు గీతలు గీశాడు.

గణపతి ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి వినిపించాడు. "పదివేల ఐదువందలు నీకు. ఏం చేస్తావు వదినా?"

ఆలోచించాను. ఏమీ తోచలేదు. మర్యాదకు "కాశీ" అన్నాను.

ఆగస్టు 17

ఏమీ లేదు.

ఆగస్టు 22

ఎల్లాజీ ఈరోజు వరండా మెట్ల దాకా వచ్చాడు.

"అమ్మగారూ, బండి అమ్మీడం తప్పదేటి?"

"తప్పదు."

"కొన్నోడు ఊరికే సూసి పట్టుకెల్తాడా, బోనెట్టు ఇప్పుతాడా?"

"నాకేం తెలుసు?"

అతను తువ్వాలు భుజం మార్చుకున్నాడు. ఇంకేదో అంటాడనుకున్నాను. అనలేదు. మెట్ల మీద అతని తడి కాళ్ళ గుర్తులు చాలాసేపు ఉన్నాయి. వాటిని చూస్తూ కూర్చున్నాను. భోజనం చేశానో లేదో గుర్తులేదు.

ఆగస్టు 25, ఆదివారం

త్యాగరాజు మెయిలు రైలు దిగి సరాసరి ఇంటికి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. చెప్పులు విప్పి నాకు నమస్కారం పెట్టి, షెడ్డు గుమ్మంలో ఆగిపోయాడు.

తర్వాత చేతిని గాలిలోనే, తగలకుండా, ముందు మడ్‌గార్డు మీదుగా పోనిచ్చాడు.

"రంగు అప్పటిదేనా?"

"అప్పటిదేనండి," అన్నాడు ఎల్లాజీ.

"పనిముట్ల పెట్టె?" ఉంది. "జాకీ?" ఉంది. సీట్ల తోలు, అద్దం, చక్రాల మీది మూతలు, ఒక్కొక్కటి అడుగుతూ చిన్న పుస్తకంలో టిక్కులు పెట్టుకున్నాడు. గణపతి మొహం వెలిగిపోతోంది.

"చూడండమ్మా," అన్నాడు త్యాగరాజు నాతో, "కొత్త కారు కొన్న రోజునుంచీ ధర దిగుతూ పోతుంది. ఇలాంటివాటికి ఒక దగ్గర దిగడం ఆగుతుంది. అక్కణ్ణుంచి పైకి లేస్తుంది. ఏదీ మారకుండా ఉన్నందుకే ఆ ధర. ఒక్కటి మారినా మళ్ళీ మామూలు పాత కారే."

అని బోనెట్టు తీశాడు.

ఎల్లాజీ గోడవైపు తిరిగాడు. త్యాగరాజు వంగి చూసి, మళ్ళీ చూసి, నెమ్మదిగా మూసేశాడు. పుస్తకం జేబులో పెట్టుకున్నాడు.

"ఇది అంబాసిడర్ ఇంజనండి."

"అంటే?" అన్నాడు గణపతి.

"దీని ఇంజను దీంట్లో లేదు. ఎవరో తీసేసి దీన్ని పెట్టారు. ఇంజను లేకపోతే..." అతనికి నిజంగానే బాధగా ఉన్నట్టుంది. "నాలుగువేల ఎనిమిదివందలు ఇవ్వగలను. అదీ పైరేకు అందం చూసి."

సాయంత్రం రైలుకు వెళ్ళిపోయాడు. కాఫీ తాగలేదు.

ఆగస్టు 26

గణపతి ఎల్లాజీని వరండా ముందు నిలబెట్టాడు.

"ఇంజను ఏదిరా?"

"నాకు తెల్దండి బాబూ."

"పదహారేళ్ళై షెడ్డు తాళం నీ దగ్గరే ఉంది. తుడిచేది నువ్వు. ఇంజను మారితే నీకు తెలీదా? ఎవరికి అమ్మీసావు?"

"నాకు తెల్దండి."

"ఒకసారి జైలుకెళ్ళొచ్చినవాడివి. నేను కాగితం రాసి ఇస్తే పోలీసులు ఇంకో మాట అడగరు. తెలుసా?"

ఎల్లాజీ నన్ను చూడలేదు. గణపతినీ చూడలేదు. గేటు పక్క మందార మొక్కను చూశాడు.

"ఆదివారం దాకా టైమిస్తున్నాను. ఈలోగా చెప్పకపోతే కంప్లైంటు."

నేను తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాను. ఏమీ అనలేదు. అనడానికి నాకేం తెలుసు? ఇంజను సంగతి నాకు నిజంగా తెలియదు.

ఆగస్టు 27

ఆ రోజు నేను ఇంట్లో ఉన్నాను. తలనొప్పి.

ఎవరూ అడగలేదు. ఎందుకు రాశానో.

ఆగస్టు 28

ఈ మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్ళాను. ఏడేళ్ళ తర్వాత. ఎడమ తలుపు తీసి కూర్చున్నాను. తర్వాత దిగి కుడివైపు వెళ్ళాను. చక్రం ముందు కూర్చోలేకపోయాను. తలుపు పట్టుకుని నిలబడి లోపలికి చూశాను.

రెండే సీట్లు.

ఎల్లాజీ నడుపుతుంటే పక్కన ఆయన కూర్చున్నారని కోర్టులో చెప్పారు. రెండు సీట్లకూ లెక్క సరిపోయింది. మూడో మనిషికి చోటు లేదు. అందుకే నేను ఇంట్లో ఉన్నానన్నది కూడా అందరికీ సహజంగానే ఉంది.

నేను ఇంట్లో లేను. తలనొప్పి లేదు. నడిపింది నేను.

రాశాను. గోడ మీద గడియారం కొట్టుకుంటోంది. ఏమీ అవలేదు.

అది 1961 నవంబరు 12, ఆదివారం. తెల్లవారుతూనే బయలుదేరాం. అంతకు ముందు అయిదారుసార్లు ఆయన నాకు నేర్పారు. ఫిడేలు పట్టిన చేతులకు స్టీరింగు ఒక లెక్కా అనేవారు. గజపతినగరం దాటాక రోడ్డు ఖాళీగా ఉందని చోట్లు మార్చుకున్నాం. నాకు చాలా సంతోషంగా ఉంది. అది దాచడం ఎందుకు. గాలికి కొంగు ఎగురుతుంటే ఆయన పట్టుకుని నవ్వుతున్నారు. ముందు ఒక ఎడ్లబండి. దాన్ని దాటడానికి పక్కకు తిప్పాను. అటువైపు కావిడి మోసుకుంటూ ఒక మనిషి వస్తున్నాడు. అతని వెనక భార్య. బ్రేకు అనుకుని నేను తొక్కింది బ్రేకు కాదు.

కావిడిలో కుండలు ఉన్నాయి. ఖాళీ కుండలు.

మనిషి ఇంకా ఊపిరి తీస్తున్నాడు. ఆయన అతన్ని ఎత్తి పక్క సీట్లో కూర్చోబెట్టి ఆస్పత్రికి తీసుకుపోయారు. నాకూ ఆ మనిషి భార్యకూ బండిలో చోటు లేదు. ఇద్దరం రోడ్డు మీద ఉండిపోయాం. ఆవిడ ఏడవలేదు. పగలని కుండలు ఏరి ఒకచోట పెడుతోంది. నేను ఒక్కమాట మాట్లాడలేదు. సాలూరు నుంచి బస్సు వచ్చింది. చెయ్యెత్తాను. ఆగింది. ఎక్కాను.

సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి, చొక్కా మార్చుకుని, నా ఎదురుగా కూర్చుని చెప్పారు. "నువ్వు ఇంట్లో ఉన్నావు. తలనొప్పి." మాట ఆయనది. తర్వాత నేను దాన్ని నాది చేసుకున్నాను.

మనిషి పేరు కూర్మయ్య. దారిలోనే పోయాడట.

ఆగస్టు 29

పొద్దున్న ఎల్లాజీని వరండాలో కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"ఇంజను ఎవరు అమ్మారు?"

"నాకు తెల్దమ్మగారూ."

"గణపతి నిన్ను మళ్ళీ జైలుకు పంపిస్తాడు."

"పంపితే ఎల్తాను. అలవాటే గదా."

కోపంగా అనలేదు. మామూలుగా అన్నాడు. నేను మెట్టు దిగి అతని ముందు నిలబడ్డాను.

"ఎల్లాజీ, బండి నడిపింది నేను. నీకు తెలుసు, నాకు తెలుసు. ఆయన లేరు. నాకైనా చెప్పు."

అతను చుట్టూ చూశాడు. ఆ మాట బయట గాలిలో అనడం ఇదే మొదలు. అప్పుడు మెట్టు మీద కూలబడ్డాడు.

"బాబుగారే అమ్మించీసినారు. అరవై రెండు మాఘమాసంలో. నాను జైల్లో ఉన్నాను. తరవాత బాబే సెప్పినారు. కలకత్తా నుంచి మెకానిక్కులొచ్చి సెడ్డులోనే ఇప్పి తీసుకెల్లిపోనారంట. మీరప్పుడు మీ నాన్నగారింటికాడున్నారు. ఏడువేలిచ్చినారంట. ఆ సొమ్ముతో తవిటమ్మకి ఎకరంనర బూమి కొని రాయించినారు. మిగిలింది నా ఇంటికి, నాను వొచ్చీదాకా."

"తవిటమ్మ ఎవరు?"

"కూర్మయ్య పెల్లాం అమ్మగారూ. మీతోటి రోడ్డు మీద నిలబడ్డాది."

ఆయన నన్ను బండిలో ఘాట్ రోడ్డుకు, కొండ మీదికి తీసుకెళ్ళడం మానేసినప్పుడు నా మీద కోపం అనుకున్నాను. నా పక్కన కూర్చోవడం ఇష్టం లేదనుకున్నాను. ఈ ఇంజనుతో బండికి కొండ ఎక్కే శక్తే లేదు. నాకు ఆ ముక్క చెప్పలేదు. నేనూ అడగలేదు.

"ఇదంతా గణపతికి చెబితే నీ మీద కేసు ఉండదు కదా. ఎందుకు చెప్పలేదు?"

"బూమి ఎందుకిచ్చినారంటే ఏటి సెప్పాల? డ్రైవరు గుద్దితే యజమాని ఇంజను అమ్ముకుంటాడా? తీగ లాగితే మీరొస్తారు."

ఆగస్టు 31

ఎనిమిదింటి సాలూరు బస్సు ఎక్కాను. ఊరి పేరు చినబంటుపల్లి. ఏడేళ్ళు ఈ పేరు తలవలేదు. భూమి మాట రుజువు కావాలంటే ఆవిడే చెప్పాలి, గణపతి నమ్మాలంటే. వెళ్ళింది అందుకేనని బస్సులో నాకు నేను చెప్పుకున్నాను.

తవిటమ్మ పొలం గట్టు మీద ఉంది. ఎవరో చూపించారు. నా కంటే చిన్నదే, జుట్టు మాత్రం నెరిసింది. నన్ను చూసి కొడవలి గట్టులో గుచ్చి లేచింది.

"నేను..." అన్నాను.

"తెలుసును. రండి, ఎండ."

చింతచెట్టు కిందకి తీసుకెళ్ళింది. నీళ్ళిచ్చింది. తాగాను.

"భూమి ఎవరిచ్చారమ్మా?"

"మీ ఆయనగోరు. ఈయేడు మరి రారు. పోనారని బస్సోళ్ళు సెప్పినారు. ఏటేటా కార్తీకంలో వొచ్చీవోరు. పంట సూసి ఎల్లిపోయీవోరు. కూకోమంటే కూకునీవోరు కాదు."

ఏటా కార్తీకంలో ఆయన రాజాం పనుందని వెళ్ళేవారు.

"తవిటమ్మా, ఆ రోజు బండి నడిపింది డ్రైవరు కాదు."

ఆవిడ నా వైపు చూసింది. ఆశ్చర్యపోతుందనుకున్నాను.

"సీర కట్టుకున్న డ్రైవర్ని నాను సూడనేదేటి? మీరు దిగి రోడ్డు మీద నిలబడ్డారు. నాను కుండలు ఏరతన్నాను. బస్సెక్కి ఎల్లిపోనారు."

"మరి పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవులడిగారమ్మా?"

ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు. ఆవిడ మళ్ళీ అంది, నాకు అర్థం కాలేదనుకుని.

"వొచ్చినారు. కాయితం మీద ఏలిముద్ర ఏయించుకున్నారు. ఎవులు నడిపినారని అడగనేదు. కోరట్టుకి పిలవనేదు. అడిగితే సెప్పీదాన్ని. తరవాత మీ ఆయనగోరొచ్చి బూమి అన్నారు. సిన్న పిల్లలు ఇద్దరు. తీసుకున్నాను. బూమి నాది. మడిసి మరి రాడు."

క్షమించమని అడగాలనుకున్నాను. ఆ మాట నోట్లో పెట్టుకునే ఇంత దూరం వచ్చాను... ఇంత దూరం కాదు, ఏడేళ్ళు. అడగలేదు. అడిగితే ఆవిడ ఏదో ఒకటి ఇవ్వాల్సి వస్తుంది. నీళ్ళిచ్చింది, చాలు.

"ఆ డ్రైవరు బతికున్నాడా?" అంది నేను లేస్తుంటే.

"ఉన్నాడు."

"ఆడి పెల్లాం నన్ను తిట్టుకుంతాది కావాల, నాను నిజం సెప్పనేదని."

"ఆవిడకు తెలియదు" అందామనుకున్నాను. తెలుసో తెలియదో నాకే తెలియదు.

సెప్టెంబరు 1, ఆదివారం

గణపతి కంప్లైంటు రాసుకునే వచ్చాడు. చదవబోతుంటే ఆపి, మొత్తం చెప్పాను. నేను నడిపానని, ఆయన ఇంజను అమ్మారని, తవిటమ్మ భూమి, ఎల్లాజీ జైలు. చెబుతున్నంతసేపూ నా గొంతు ఇంకెవరిదో పక్క గదిలో మాట్లాడుతున్నట్టే ఉంది.

గణపతి కంప్లైంటు నాలుగు మడతలు పెట్టి చించేశాడు.

"ఎవరెవరికి చెప్పావు?"

"ఆ రోజే తెలిసినవాళ్ళకు తప్ప ఎవరికీ."

"చెప్పకు. ఎల్లాజీ మీద నేనేం పెట్టను. అన్నయ్యే అమ్ముకున్నాడని అనుకుందాం, అయిపోయింది. నువ్వూ నోరు మూసుకో. లైసెన్సు లేకుండా నడిపావు, మనిషి పోయాడు, ఇంకొకణ్ణి జైలుకు పంపావు. ఏటనుకుంటున్నావు? కోర్టుకెళ్తే అన్నయ్య పేరు, మన ఇంటి పేరు..."

"ఎల్లాజీ పేరు?"

"వాడికి ఇప్పుడేటి లోటు? ఏదో కొంత ఇద్దాం. ఏడేళ్ళై ఊరుకున్నాడు, ఇంకా ఊరుకుంటాడు."

కోపంతో అనలేదు. నా మంచికే అన్నాడు. వెళ్ళేముందు, "నిద్ర పడుతోందా వదినా, డాక్టరుకు చూపిద్దామా?" అన్నాడు. అన్నీ సర్దుకున్నట్టే ఉంది. ఎల్లాజీకి ప్రమాదం లేదు. నాకూ లేదు.

సెప్టెంబరు 3

నిద్ర బాగానే పడుతోంది. అదే విచిత్రం.

సెప్టెంబరు 5

నాలుగువేల ఎనిమిదివందలకే త్యాగరాజు బండి తీసుకున్నాడు. ఆ ఇంజను ఎక్కడుందో వెతికి మళ్ళీ ఇందులో పెడతాడట. దొరకడం కష్టమని తనకే తెలుసు. లారీలోకి బల్లలు వేసి ఎక్కించారు. వీధంతా చూడ్డానికి వచ్చింది. ఎల్లాజీ స్టీరింగు పట్టుకుని పక్కన నడుస్తూ బల్లల మీదకి మళ్ళించాడు. ఏడేళ్ళలో అతను చక్రం తిప్పడం ఇదే మొదలు.

నా వాటాలో సగం ఇవ్వబోయాను. పుచ్చుకోలేదు.

"మరేం కావాలి?"

లారీ పోయిన వైపు చూశాడు. "లారీ నడిపీవోడు నా ఈడోడే. సూసినారా?" అన్నాడు.

అంతే అన్నాడు.

సెప్టెంబరు 7

మూడు కాగితాలు పాడుచేశాక నాలుగోది కుదిరింది. తేదీ, చోటు, నడిపింది నేను, ఎల్లాజీ ఆ సమయానికి విజయనగరంలో ఉన్నాడు, కూర్మయ్య భార్య తవిటమ్మ చూసింది. పన్నెండు వరసలు. సంతకం పెట్టాను. జగదీశ్వరి. "నేను మనస్సాక్షిగా" అని మొదట రాశాను, కొట్టేశాను.

సెప్టెంబరు 8, ఆదివారం

పొద్దున్న ఎల్లాజీ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. పదహారేళ్ళు మా ఇంట్లో చేసినవాడి ఇల్లు ఎక్కడో నాకు తెలియదు. కంటోన్మెంటు వెనక, పెంకుటిల్లు. అతని భార్య అసిరమ్మ గుమ్మంలో ఇడ్లీల పిండి రుబ్బుతోంది. నన్ను చూసి రుబ్బడం ఆపలేదు. లోపలికి కేకేసింది. ఎల్లాజీ వచ్చి కంగారుపడ్డాడు. పీట వేశాడు.

కాగితం అతని చేతికిచ్చాను. "ఇది నీది. కోర్టులో ఇచ్చినా సరే, పొయ్యిలో వేసినా సరే."

"నాకు సదువెక్కడిదమ్మగారూ. ఏటుందో సెప్పండి."

అసిరమ్మ అక్కడే ఉంది. అతను ఆవిడ వైపు చూసి, నన్ను వారించినట్టు చిన్నగా తల అడ్డంగా ఊపాడు. అప్పుడు తెలిసింది, ఆవిడకు చెప్పలేదని.

చదివాను.

అయిదో వరసకు రుబ్బురోలు ఆగింది. నేను ఆపలేదు. సంతకం దాకా చదివాను. అసిరమ్మ చేతులు పిండిలోనే ఉన్నాయి.

"ఈయమ్మ ఏటి సదివింది?" అంది మొగుణ్ణి.

అతను పీట కాస్త పక్కకు జరిపాడు.

"నువ్వు నడపనేదా?"

"నేదు."

"మడిసిని సంపినోడి కొంపని మా అన్నదమ్ములు గుమ్మం తొక్కడం మానీసినారు. మాయమ్మ సచ్చిపోతే నన్ను సూణ్ణివ్వనేదు. ఏడేళ్ళు నా పక్కన తొంగున్నావు. ఒక్క ముక్క సెప్పినావేటి?"

"బాబుకి మాటిచ్చినాను."

"నాకేటిచ్చినావు?"

అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆవిడ నన్ను ఏమంటుందోనని చూశాను. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆవిడ చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఇంకోపాలి సదవండి."

చదివాను. రెండోసారి నా గొంతు నాదే. "నడిపింది నేను" అన్నచోట ఆగిపోయింది. ఆవిడ ఊరుకోలేదు. "ఊఁ, సదవండి," అంది. పూర్తిచేశాను. అప్పుడు ఆవిడ కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచి రవికలో పెట్టుకుంది.

"ఇది పొయ్యిలో ఎయ్యను. రేపు కోరట్టులో మీరే సదవాల. మా అన్నదమ్ముల్ని కూడా పిలుస్తాను. ఆల్లు ఇనాల."

"అసిరీ, అమ్మగార్ని జైల్లో ఎడితే?" అన్నాడు ఎల్లాజీ.

"ఎట్టనీ. నిన్నెట్టినప్పుడు నాను బతకనేదా?"

సరే అన్నాను. గణపతికి ఎప్పుడూ అనే సరే కాదు.

అదే రోజు, సాయంత్రం.

రేపు పదిన్నరకు కోర్టు తెరుస్తారు. నా మాట తీసుకుంటారో, ఏడేళ్ళ తర్వాత ఏమిటమ్మా అని పంపేస్తారో, అక్కడే ఉంచేస్తారో తెలియదు. గణపతికి ఉత్తరం రాసి పోస్టులో వేశాను. అది చేరేసరికి అయిపోతుంది.

నాలుగింటికి అసిరమ్మ వచ్చింది, చాప చుట్టి చంకలో పెట్టుకుని. అడక్కుండానే అరుగు మీద పరుచుకుంది.

"ఇదేమిటి?" అన్నాను.

"పొద్దున్నకి మీ మరిదిగోరొచ్చి మీ మనసు మార్చీగలరు. లేదంటే మీకే మారిపోవచ్చు. నాను ఇక్కడే ఉంతాను. పొద్దున్న ఇద్దరం కలిసెల్దాం."

లోపలికి రమ్మన్నాను.

"ఇక్కడే బాగున్నాది," అంది.

ఇప్పుడు అరుగు మీద దగ్గుతోంది. నాకు భయంగా ఉంది. ఈ అక్షరాలు చూస్తే తెలుస్తుంది. ఆకలి కూడా వేస్తోంది. ఎన్ని రోజులకో.

పొయ్యి వెలిగించాలి. బియ్యం ఇద్దరికి.